అరవైకి ఒకటి

మా ఆయన రిటైరయ్యాక ఏ వ్యసనమూ పట్టుకోలేదని మూడేళ్ళపాటు చుట్టాలందరి దగ్గరా గొప్పలు పోయాను. పేకాట లేదు. వాకింగ్ స్నేహితులతో రాజకీయాలు లేవు. ఫోనులో వచ్చిన ఆకు పసరు వైద్యాలు పదిమందికి పంపడం లేదు. నేనలా చెప్పుకున్నందుకే దిష్టి తగిలినట్టుంది. అరవై మూడో ఏట ఆయన, మేడ మీద గదిలో అద్దెకుంటున్న కుర్రాడితో కలిసి, వేరే గ్రహం మీద ఊరు కట్టడం మొదలుపెట్టారు.

మీరు నవ్వనక్కర్లేదు. మీ వంతు కూడా నేనే నవ్వేశాను.

మాది చిక్కడపల్లిలో పాత ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో మా మామగారు గుంటూరు నుంచి ఆఫీసుతోపాటు వచ్చి, కూడబెట్టి కట్టుకున్నది. కింద మేమిద్దరం ఉంటాం. మేడ మీద ఒకటే గది. అందులో ప్రేమ్‌సాగర్. సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి గ్రూప్స్ పరీక్షలకని వచ్చి, నాలుగేళ్ళు అశోక్ నగర్ హాస్టల్లో ఉండి, గదికి ఆరుగురితో వేగలేక రెండేళ్ళ కిందట మా ఇంటికి మారాడు. కోచింగ్ సెంటర్లో టెస్టు పేపర్లు దిద్దుతాడు, మిగతా పొద్దంతా లైబ్రరీలో చదువుతాడు. ఎదురుపడితే తల వంచుకుని గోడకు ఆనుకుపోయి దారిచ్చేంత మర్యాదస్తుడు.

ఇక మా ఆయన వీరరాఘవరావుగారు ప్రభుత్వంలో ఇంజనీరు. ఆయన పని కట్టడం కాదు, ఇతరులు గీసిన డ్రాయింగుల్లో తప్పులు పట్టడం. ముప్పై మూడేళ్ళు పట్టారు. రిటైరైనా ఆ ఊపు ఆగక, నా వంటింట్లో గట్టు ఎత్తు ఒకటిన్నర అంగుళం ఎక్కువైందని నలభయ్యేళ్ళు వంట చేశాక నాకు చెప్పారు.

ఒక ఆదివారం పొద్దున్న పిట్టగోడలో పగుళ్ళు చూసొస్తానని మేడెక్కిన మనిషి గంటైనా దిగలేదు. కాఫీ చల్లారిపోతోందని కేకేశాను. పలకలేదు. నేనే ఎక్కాను. గదిలో మంచం గోడకు నిలబెట్టి ఉంది. మంచం ఉండాల్సిన చోట ఒక ఊరు ఉంది.

ఎర్రటి కొండలు, బోర్లించిన గిన్నెల్లాంటి ఇళ్ళు, ట్యాంకులు, విరిగిన వంతెన, ఎక్కడ చూసినా పైపులు. మనుషులుండే లోకం కాదని చూడగానే తెలిసిపోతోంది. కాస్త వంగి చూస్తే మాత్రం అన్నీ తెలిసిన మొహాలే. ట్యాంకులు టూత్‌పేస్టు మూతలు. ఫ్యాక్టరీ పైకప్పు నేను మింగి పారేసిన బీపీ మాత్రల అట్ట. గ్యాసు పైపులన్నీ అయిపోయిన పెన్నుల రీఫిల్లు. అశోక్ నగర్ హాస్టళ్ళలో అవి బస్తాల కొద్దీ దొరుకుతాయి. గోడలకు వరసగా బోల్టులు బిగించిన రేకులేమిటా అని చూస్తే ప్రాక్టీసు పరీక్షల ఓఎంఆర్ షీట్లు, ఆ గుండ్రాలే బోల్టులు. అన్నిటికంటే ఎత్తైన కొండ మీద రాడార్‌లాగా వెలుగుతున్నది నా కాఫీ ఫిల్టరులోని చిల్లుల బిళ్ళ. నెల రోజులుగా దాని కోసం పనిమనిషిని అనుమానిస్తున్నాను.

"పాత సామాన్లల్ల పడి ఉంటే, అక్కరలేదనుకున్న ఆంటీ," అన్నాడు ప్రేమ్‌సాగర్, చెవులు ఎర్రబడిపోతూ.

అదొక ఆటట. బల్లకు అటొకడూ ఇటొకడూ నిలబడి, బొటనవేలంత బొమ్మ సైనికుల్ని టేపుతో కొలిచి అంగుళాల లెక్కన జరుపుతారు. తుపాకీ తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. బల్ల మీద కొండలూ కోనలూ ఇళ్ళూ ఎంత బాగుంటే ఆట అంత రంజుగా ఉంటుందట. వాటిని టెర్రైన్ అంటారట. అవి చేతితో చేయగలిగినవాడికి వాళ్ళలో పెళ్ళిళ్ళ వంటవాడికున్నంత గౌరవం.

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఊరిని ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారు.

"ఈ వంతెనకు సపోర్టు ఏదోయ్?"

"అది ఇరిగిపోయిన వంతెన సార్."

"విరుగుతుంది మరి. సపోర్టు లేకపోతే విరగక ఏం చేస్తుంది?"

ప్రేమ్‌సాగర్ తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి ఈయనకు ఉత్సాహం వచ్చింది. సర్వీసులో ఉండగా రోజూ అలాంటి తలలు పాతిక ఊగేవి.

ఆ రోజు నుంచి సాయంత్రం కాఫీ మేడ మీదకే. వారం తిరక్కుండా ఈయన మా గేటుకు వేయగా మిగిలిన రంగు స్ప్రే డబ్బా పట్టుకెళ్ళారు. ప్రేమ్‌సాగర్ అప్పుడే ఒక థర్మోకోల్ కొండ చెక్కి పక్కన పెట్టుకున్నాడు. ఈయన డబ్బా ఊపుతుంటే వాడు, "సార్… జర…" అన్నాడు.

"ఏంటి?"

"ఏం లేదు సార్."

ఈయన స్ప్రే కొట్టారు. కొండ చుయ్యిమని తనలోకి తానే కుంగి, నడిమధ్య పెద్ద గొయ్యి పడింది. డబ్బాలో స్ప్రే థర్మోకోల్‌ను తినేస్తుందని ఆ ఆటలో నిన్న చేరినవాడికి కూడా తెలుసట.

"మంచిగైంది సార్," అన్నాడు ప్రేమ్‌సాగర్, ఆ గొయ్యిలోకి వంగి చూస్తూ. "ఉల్క పడ్డ గుంత లెక్క కొడుతున్నది."

ఈయన కిందికి దిగి, ఉల్కాపాతం ఆలోచన తనదేనని నాతో చెప్పి మీసం సవరించుకున్నారు. బట్టలు తీసుకురావడానికి నేను మేడెక్కితే వాడు ఆ గొయ్యి ముందు చేతులు నెత్తిన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కొండ రెండు వారాల పనట.

"ముందే చెప్పొచ్చుగా అబ్బాయ్?"

"సారుకు ఎట్ల చెప్తం ఆంటీ?"

ఆ మాటకు నేను నవ్వేసి కిందికొచ్చేశాను.

అసలు కథ తర్వాతి నెలలో మొదలైంది. ఈ ఆటగాళ్ళకు నారాయణగూడలో ఒక క్లబ్బు ఉంది. నడిపేది సంజన అనే పళ్ళ డాక్టరు. పళ్ళు గీకే పాత పనిముట్లతో బొమ్మల కనుబొమలు కూడా చెక్కుతుందని వాళ్ళలో పేరు. మూడు నెలలకోసారి ఒక హాలు తీసుకుని రోజంతా ఆడతారు. ఈసారి నడిమధ్య పెద్ద బల్ల ప్రేమ్‌సాగర్‌కు ఇచ్చారు. వాడి ఊరి మధ్యలో ఒక పెద్ద భవనం ఉండాలి, దాని డాబా మీద సిగ్నల్ దీపం ఉండాలి. మెట్లెక్కి ఆ దీపం దగ్గరికి ఎవరి సైనికుడు ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు.

"ఆ భవనం నేను కడతాను," అన్నారు మా ఆయన అన్నం తింటూ.

"సర్వీసులో కట్టనిది ఇప్పుడు కడతారా? టెండరు పిలిచారా లేదా?" అన్నాను.

ఎప్పుడూ దీటుగా జవాబు చెప్పే మనిషి ఈసారి అన్నం కలపడం ఆపేశారు. "ఇతరులు గీసినవి వేలు చూశాను కమలా. నేను గీసింది ఒక్కటే. ఆడపిల్లల హాస్టలు. అది ఫైల్లోనే పోయింది. నేను గీసిన మెట్లు ఎవరో ఒకరు ఎక్కుతుంటే ఒక్కసారి చూడాలనుంది. బొమ్మలైతే మాత్రం ఏం?"

నాకు నవ్వు రాలేదు. ఇంకొంచెం పప్పు వడ్డించాను.

మర్నాడు ప్రేమ్‌సాగర్‌ను పిలిచి, "మీ మనిషి ఎత్తెంత?" అని అడిగారు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు అన్నాడు వాడు. మనిషి ఐదడుగుల ఆరంగుళాలు అనుకుంటే స్కేలు అరవైకి ఒకటి అని ఈయన అక్కడికక్కడే తేల్చారు. అంతే. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగు షీట్ల డ్రాయింగు గీశారు. ఆరంగుళాల మెట్టుకు రెండున్నర మిల్లీమీటర్లు. మూడడుగుల తలుపుకు పదిహేను. నాలుగడుగుల మెట్లదారికి ఇరవై. ఫోమ్ షీటు, కట్టరు, ఫెవికాల్, నా కుట్టుమిషను పెట్టెలోని టేపు, అన్నీ హాల్లోకి వచ్చాయి. సోఫా బాల్కనీలోకి వెళ్ళింది.

రెండంతస్తుల భవనం లేచింది. ముందు పోర్టికో. ప్రతి కిటికీకీ సన్‌షేడ్. వాన నీళ్ళు దిగడానికి నాలుగు మూలలా గొట్టాలు.

"ఆ గ్రహం మీద వాన కురుస్తుందా?" అని అడిగాను.

"కురవదని ఎవరు రాసిచ్చారు?"

మరుగుదొడ్లు ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి, గ్రహాంతరవాసులకొకటి. వాళ్ళకెన్ని కాళ్ళుంటాయో కనుక్కుని రమ్మని ప్రేమ్‌సాగర్‌ను పంపారు. గోడకు శంకుస్థాపన ఫలకం కూడా పెట్టారు గానీ, దాని మీద ఏ మంత్రి పేరు రాయాలో తేలక ఖాళీగా వదిలేశారు. మా అమ్మాయి కీర్తన బర్కత్‌పుర నుంచి వచ్చి చూసి, "నాన్నా, ఇందులో క్యాంటీన్ ఏది?" అంది. ఆ సాయంత్రానికి క్యాంటీన్ వెలిసింది.

కానీ మెట్లు! నా నోటితో నేను ఈయనను మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఇది నమ్మండి. ఒక్కో అంతస్తుకు ఇరవై నాలుగు మెట్లు, మధ్యలో ల్యాండింగు, పక్కన చీపురు పుల్లల రెయిలింగు. ఒక్క మెట్టు ఇంకో మెట్టు కంటే వెంట్రుకవాసి ఎక్కువ లేదు. పూర్తయిన రోజు ఈయన ఆ మెట్ల మీద వేలి కొసతో కింద నుంచి పైదాకా నడిచి చూసుకున్నారు. నేను తలుపు చాటునుంచి చూశాను.

ఆట రోజుకు రెండు వారాల ముందు ఒక మధ్యాహ్నం ఒరుగులు ఎత్తడానికి మేడెక్కాను. కిటికీలో ఒక సైనికుడు రంగు ఆరబెట్టి ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ లైబ్రరీకి వెళ్ళాడు, ఈయన హార్డ్‌వేరు కొట్టుకు వెళ్ళారు. ముచ్చటేసి ఆ సైనికుణ్ణి కిందికి తెచ్చి మా ఆయన మెట్ల మీద నిలబెట్టాను. పడిపోయాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడ్డాడు. అప్పుడు చూశాను. ఆ బొమ్మలన్నిటికీ కాళ్ళ కింద గుండ్రటి పీట ఉంటుంది, పది రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్దది. బొమ్మ నిలబడేది దాని మీదే, ఆడేది దానితోనే. ఈయన మెట్టు వెడల్పు ఐదు మిల్లీమీటర్లు. ఆ పీట ఆ మెట్టు మీద ఎలా ఆగుతుంది? తలుపులోంచి తోశాను. పీట పట్టలేదు. వినాయకుడి విగ్రహం కింద చెక్కలాగా, అది మోసుకెళ్ళడానికి వేసిన పీట అని, ఆటప్పుడు తీసేస్తారని ఈయన అనుకుని ఉంటారు.

ముందు పొట్ట పట్టుకుని నవ్వాను. ముప్పై మూడేళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషి! ఇంతలో గేటు చప్పుడైంది. ఈయన లోపలికొచ్చి, చెప్పులు విడవకుండానే సంచీలోంచి చిన్న దీపం బల్బు తీసి డాబా మీద పెట్టి, వెలిగించి, "ఎలా ఉంది?" అన్నారు.

"గెస్ట్‌హౌసు కూడా కట్టేయండి, నేనొచ్చి ఉంటాను," అన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు కూడా అదే అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం మానేశాను.

ఆట ఉన్న ఆదివారం ఆటోలో బయల్దేరాం. భవనం ఈయన ఒళ్ళో, దీపం నా ఒళ్ళో, మిగతా గ్రహమంతా వెనక ఇంకో ఆటోలో ప్రేమ్‌సాగర్‌తో. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఈయన, "బాబూ, మెల్లగా, బిల్డింగు ఉంది," అనడం, డ్రైవరు రోడ్డుకు రెండు వైపులా చూసి, "ఏ బిల్డింగ్ సార్? రోడ్డు సాఫ్‌గనే ఉన్నది కదా," అనడం. నారాయణగూడ చేరేసరికి ఇద్దరూ ఒకరికొకరు అర్థం కాకుండానే విసిగిపోయారు.

హాల్లో ఇరవై ముప్పై మంది ఉన్నారు. భవనం బల్ల మధ్యలో పెట్టగానే అందరూ చుట్టూ మూగి, "సూపర్ సార్, సూపర్," అన్నారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, అందరూ ఒకటే మాట. పెళ్ళిచూపుల్లో పిల్ల పాట పాడాక ఇలాంటి మెచ్చుకోలే వినపడుతుంది. సంజన ఈయనకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, "మీరు ఇక్కడే కూర్చోండి అంకుల్, బల్ల దగ్గరికి రావాల్సిన పనేమీ లేదు," అంది.

ప్రేమ్‌సాగర్‌కు ఎదురు ఆడేవాడి పేరు అనుదీప్. వాడి నీలం సైనికులు ముగ్గురు కొండ దిగి, గొయ్యి దాటి, మా ఆయన పోర్టికో ముందుకొచ్చారు. ఈయన కుర్చీలో ముందుకు జరిగారు. అనుదీప్ పాచికలు వేసి, టేపు పెట్టి కొలిచి, "లోపలికి పోయిన్రు," అని, ఆ ముగ్గురినీ ఎత్తి భవనం పక్కన ఒక చీటీ మీద పెట్టాడు. చీటీ మీద 'మొదటి అంతస్తు' అని రాసి ఉంది.

"బయట పెట్టావేం బాబూ?" అన్నారు మా ఆయన.

"లోపలనే ఉన్నరు అంకుల్."

"నాకు బయట కనపడుతున్నారే."

"లోపలున్నట్టు అనుకోవాలె అంకుల్. రాసినం కదా."

"అంటే కాగితం మీద ఎక్కారన్నమాట," అన్నారు ఈయన నెమ్మదిగా. సర్వీసంతా ఈయన పళ్ళు కొరికింది ఒక్కదానికే. కాగితం మీద పూర్తయి నేల మీద లేని పనులకు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు. "మెట్లున్నాయిగా. మెట్ల మీద ఎక్కించు."

అనుదీప్ ప్రేమ్‌సాగర్ వైపు చూశాడు. ప్రేమ్‌సాగర్ సంజన వైపు చూశాడు. సంజన ఫ్యాను వైపు చూసింది. హాల్లో అందరికీ ముందే చెప్పి పెట్టారని నాకప్పుడు అర్థమైంది. సారు ముందు ఎవరూ మాట జారొద్దు, భవనంలోకి పోయిన బొమ్మల్ని చీటీ మీద పెట్టుకోవాలి, ఆట నడిచిపోవాలి.

ఈయనే ఒక సైనికుణ్ణి తీసుకుని మొదటి మెట్టు మీద పెట్టారు. పడిపోయాడు. రెండోసారి వేలు అడ్డం పెట్టి నిలబెట్టారు. వేలు తీయగానే పడిపోయాడు. తలుపు దగ్గర పెట్టి తోశారు. పీట అడ్డుపడింది. బొమ్మను తిరగేసి చూశారు. జేబులోంచి స్కేలు తీసి కొలిచారు.

"ముప్పై రెండు," అన్నారు, తనలో తనే. "ఇది ఊడదా?"

"ఊడదు సార్. అతికిచ్చి ఉంటది," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు మొదటి మెట్టు కోసిననాడే సార్."

"నెలరోజులు చూస్తూ ఊరుకున్నావా?"

"రోజూ చెప్దామనే వస్తుంటి సార్. మీరు గంత సంబురంగ కడుతుంటే నోరు రాలే. పెద్దోళ్ళు. ఇంజనీరు సారు. మీకు తప్పు అని నేనెట్ల చెప్పాలె?"

నాకు ఒళ్ళు మండింది. నా మొగుణ్ణి ముప్పై మంది కలిసి పసివాణ్ణి చేసి ఆడిస్తారా అని లేచి నిలబడ్డాను కూడా. నోరు తెరిచాక గుర్తొచ్చింది, ఆ ముప్పై మందికి ముందున్నది నేనేనని. మళ్ళీ కూర్చున్నాను.

ఈయన ఆ బొమ్మను తిరిగి చీటీ మీద పెట్టేశారు. కోపం వస్తే బాగుండుననిపించింది. కోపమైతే నాకు అలవాటే. ఆ మొహంలో ఉన్నది సిగ్గు, అది నేనెప్పుడూ చూడలేదు.

"నా కింద పనిచేసినవాళ్ళు కూడా ఇంతే అయివుంటారు," అన్నారు. "అందరి తప్పులూ నేను పడితే, నాది ఎవడు పడతాడు? సరే. ఇందులో ఇంకేం తప్పులున్నాయో చెప్పు."

"అయ్యో, అంత లేదు సార్…"

"చెప్పకపోతే గది ఖాళీ చేయిస్తాను."

ప్రేమ్‌సాగర్ భవనం వైపు తిరిగాడు. "తలుపులు చిన్నగున్నయి సార్."

"ఇంకా?"

"పైకప్పు లేవదు. లోపలికి చెయ్యి పోదు."

"ఇంకా?"

"సన్‌షేడ్లకు తలిగి బొమ్మల తుపాకులు ఇరుగుతయి."

"ఇంకా?"

వాడికి దారి దొరికింది. "మీరు స్ప్రే కొట్టిన కొండ సార్… అది ఉల్క కాదు సార్."

"అది నాకు తర్వాత అనుమానం వచ్చింది. ఇంకా?"

"పొద్దుగూకినంక పైన నల్లాల నీళ్ళు వస్తలేవు సార్. రెండేండ్ల సంది."

హాలంతా గొల్లుమంది. ఈయన నవ్వలేదు. "రెండేళ్ళా!" అని నా వైపు తిరిగారు. నేను సంజన చూసిన ఫ్యానే చూశాను.

భోజనాలకని గంటసేపు ఆట ఆపారు. ఎవరూ భోజనానికి వెళ్ళలేదు. సంజన తన పనిముట్ల సంచీ విప్పింది. మిగతావాళ్ళు తమ దగ్గరున్న ఫోమ్ ముక్కలు తెచ్చారు. ఈయన కట్టరు తీసుకుని ప్రేమ్‌సాగర్ చేతిలో పెట్టారు.

"నువ్వు కొయ్యి. నేను కోస్తే మళ్ళీ నా లెక్కే వేస్తాను."

ఈయన రెండు చేతులతో భవనాన్ని కదలకుండా పట్టుకున్నారు. ఆ నలభై ఎనిమిది మెట్లూ ఊడివచ్చాయి. నాకు చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాను. ఈయన తిప్పుకోలేదు.

కొత్త మెట్లు గోడల బయట నుంచి చుట్టూ తిరిగి డాబాకు చేరాలని నిర్ణయించారు. ఒక్కో మెట్టు ముప్పై ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, పన్నెండు ఎత్తు. ఈయన మనసులో గబగబా హెచ్చవేశారు.

"పన్నెండా? అంటే దాదాపు రెండున్నర అడుగులు. రెండున్నర అడుగుల మెట్టు ఏ మనిషి ఎక్కుతాడోయ్?"

"వాళ్ళు ఎక్కరు సార్. మనం చేత్తోని ఎక్కిస్తం."

ఈయన తన స్కేలు జేబులో పెట్టేసుకున్నారు. "కాళ్ళు లెక్కేశాను గానీ చేతులు లెక్కెయ్యలేదు," అని ఒప్పుకుని, ఫెవికాల్ మూత తీశారు.

గంటలో పది మెట్లు లేచాయి. రంగు వేయడానికి సమయం లేదు. ఎర్రటి ఊళ్ళో తెల్లటి మెట్లు, కట్టు కట్టిన చెయ్యిలాగా. నెల రోజుల పనితనం అందులో ఎక్కడా లేదు. అయినా ఆట మళ్ళీ మొదలైంది.

అనుదీప్ నీలం సైనికుణ్ణి మొదటి మెట్టు మీద పెట్టి చెయ్యి తీశాడు. నిలబడ్డాడు. పాచికలు వేశాడు. రెండో మెట్టు. చుట్టూ ఉన్నవాళ్ళంతా బల్ల మీదకు వంగారు. ప్రేమ్‌సాగర్ సైనికులు అటువైపు గోడ నుంచి పరుగెడుతున్నారు గానీ వాడి పాచికలు ఆ రోజు వాడి మాట వినలేదు. నీలం సైనికుడు మూల తిరిగాడు, సన్‌షేడ్ కింద నుంచి తప్పుకున్నాడు, ఒక్కో మెట్టే ఎక్కి డాబా మీద దీపం పక్కన నిలబడ్డాడు.

"ఎక్కాడు!" అని మా ఆయన గావుకేక పెట్టారు. "కమలా, ఎక్కాడు! చూశావా?"

"సార్," అన్నాడు ప్రేమ్‌సాగర్, "నేను ఓడిపోయిన సార్."

"ఉండవోయ్! ఎక్కాడు ముందు!" అని శత్రువుకు చప్పట్లు కొడుతున్నారు ఈయన. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది. పళ్ళ డాక్టరమ్మ నాకు దూది ఇచ్చింది.

సాయంత్రం ఐదింటికి సామాన్లు ప్రేమ్‌సాగర్‌కు అప్పగించి మేమిద్దరం కిందికి దిగాం. ఈయన ఒకటే మాటలు. పై గదికి నీళ్ళు ఎందుకెక్కడం లేదో, పైపు సైజు ఎక్కడ తగ్గిందో చెబుతున్నారు. నేను వింటున్నట్టు నడుస్తున్నాను. నా నోటికి ఈ చుట్టుపక్కల అంతా భయపడతారు. ఈయన లుంగీ మీద, గురక మీద, లెక్కల మీద రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటాను. అంత అంటున్నాను కాబట్టి నా మనసులో ఏమీ దాచుకోనని నేనే నమ్మాను. ఎగతాళి చేస్తే చెప్పినట్టు కాదని ఆ హాల్లో కూర్చున్నాక గాని తెలియలేదు.

ఫుట్‌పాత్ మీద ఆగాను. "మెట్ల మీద బొమ్మ నిలబడదని నాకు రెండు వారాల కిందటే తెలుసు," అన్నాను.

ఈయన రెండడుగులు ముందుకెళ్ళి వెనక్కి తిరిగారు.

"నిలబెట్టి చూశాను. పడిపోయింది. మీకు చెప్పలేదు. ఆ అబ్బాయి మిమ్మల్ని సార్ అంటాడు, వాడికి భయం. నాకేం భయం? నాకు ఏ సాకూ లేదు."

ఈయనకు కోపం వస్తుందనుకున్నాను. నొచ్చుకుంటారని ఇంకా భయపడ్డాను. ఒక ఆటో మా పక్కన ఆగి, ఎక్కడికని అడిగింది. ఈయన దాని వైపు చూడలేదు. ప్రేమ్‌సాగర్‌ను అడిగిన గొంతుతోనే నన్ను అడిగారు.

"ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చాలా ఉన్నాయండీ. పెళ్ళైన కొత్తలోవి కూడా ఉన్నాయి."

ఈయన ఆటోను పొమ్మని చెయ్యి ఊపారు.

"అయితే నడిచి వెళ్దాం," అన్నారు. "మొదటి నుంచీ చెప్పు."